ట్యాంకరు వచ్చేదాకా

చిత్తూరు బెల్లం మండీలో
ముప్పై ఏండ్లు కాటా పట్టినోణ్ణి.
దిమ్మ చేతికొస్తే చాలు,
ముదురు చెరుకుదా, తడి తగిలిందా,
మందు కలిపి తెల్లగా మెరిపించిందా
గోటితో గీకి చెప్పేస్తాను.
తెల్లదనానికే పాట ఎక్కువ పలుకుతుందని
నాకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆదివారమైతే
మడత నలగని తెల్లచొక్కా,
జేబులో రెండు పెన్నులు,
వేదిక పక్కన నా కుర్చీ.
నేను ప్రార్థన ఎత్తుకుంటే
చంటిబిడ్డలు కూడా ఏడుపు ఆపుతారని
అయ్యగారు ఒకసారి అన్నారు.
ఆ మాటని పదకొండేండ్లుగా
నాలుక కింద పెట్టుకుని చప్పరిస్తా ఉన్నాను.

కోతపండగ కానుకల్లో
రెండు వేలు తగ్గినాయి.
చాపలు దులిపేది దోర్కమ్మ.
తాళంచెవి ఉండేది దోర్కమ్మ దగ్గర.
మిగతా లెక్క నేనే కట్టేసినాను.

మురకంబట్టులో ఆమె వీధికి పోయి
కుళాయి కాడ, నలుగురు ఆడోళ్ళ మధ్య
"దేవుని సొమ్ము తిన్న చెయ్యి" అన్నాను.
ఆ చేతిలో బిందె ఉంది.
కింద పెట్టలేదు, నెత్తికెత్తుకోలేదు.
అట్లే నిలబడింది.
ఆ వారమే తాళంచెవి వెనక్కి తీసుకున్నాం.
చాపల్లో దుమ్ము పేరుకుంది.
ఎవరూ ఏమీ అనలేదు,
పెద్దమనిషి మాట గదా.

ఆర్నెల్లకి
పాత లెక్కల పుస్తకం అట్ట లోపల
నాలుగు అయిదొందల నోట్లు.
నా మడతే.
నా చొక్కాకుండే మడతే.

ఆ రాత్రి నిద్ర లేదు. నిజమే.
ఎందుకు లేదో కూడా చెప్పాలి గదా:
ఒప్పుకోలు మాటలు కూర్చుకుంటా ఉన్నాను.
కోడి కూతతో మొదలెట్టి,
సుంకరి రొమ్ము కొట్టుకోవడం మీదుగా వచ్చి,
నా అంత పాపి ఈ లోకంలో లేడనే కాడ
గొంతు కాస్త పగలాలనుకున్నాను.
పాపుల్లో కూడా
మొదటి కుర్చీనే వెతుక్కున్నాను.

తెల్లారి ఆమె ఇంటికి పోయినాను.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు దిగొచ్చి
తోతాపురి సొనకి పొక్కిన వేళ్ళకి
కొబ్బరినూనె రాసుకుంటా ఉంది.
"వచ్చే ఆదివారం సంఘం ముందర
మోకాళ్ళ మీద ఒప్పుకుంటానమ్మా" అన్నాను.

తలెత్తలేదు.
"వద్దు నైనా.
ఆడ నువ్వు ఏడిస్తే అందరూ ఏడుస్తారు.
ఎంత తగ్గించుకున్నాడో మహానుభావుడని
ఇంకో పదేండ్లు చెప్పుకుంటారు.
నన్ను దొంగన్నది ఈ కుళాయి కాడ.
కుళాయి ఎండి నెలయింది.
ట్యాంకరు వస్తాది. ఉండు."

ఉన్నాను.
ఎండ నా ఇస్త్రీలోకి దిగింది.
వీధికుక్క ఒకటి నా చెప్పులు వాసన చూసి
పెద్దగా పట్టించుకోకుండా పోయింది.
పదకొండుకి హారన్ కొట్టుకుంటా ట్యాంకరొచ్చింది.
ప్లాస్టిక్ బిందెలు, పైపు కోసం కొట్లాట,
డ్రైవరు తిట్లు.
ఆ గోలలో నోరు తెరిచినాను.
కోడీ గుర్తుకు రాలేదు, సుంకరీ గుర్తుకు రాలేదు.
"దోర్కమ్మ దొంగ కాదు.
దుడ్లు నా దగ్గరే ఉన్నాయి.
తప్పు నాది."

సగం మందికి వినపడనే లేదు.
ఒకామె మాత్రం "ఏందన్నా?" అని
రెండోసారి చెప్పించుకుని,
"సరే, పక్కకి జరుగు,
బిందె నిండింది" అనింది.

జరిగినాను.

దోర్కమ్మ క్షమించిందో లేదో తెలీదు.
బిందె ఎత్తుకుని ఇంట్లోకి పోయింది.
తలుపు వెయ్యలేదు. పిలవనూ లేదు.

ఇప్పుడు వెనక చాప మీద కూర్చుంటున్నాను.
వెనక కూర్చున్నది ఎంతమంది చూసినారో అని
నిన్న కూడా ఒకసారి లెక్కపెట్టి,
నాకు నేనే పట్టుబడి
తల దించుకున్నాను.

ఈ పొద్దు మండీలో
ఎవరూ పాట పాడని నల్లదిమ్మ ఒకటి పగలగొట్టి
చిన్న పలుకు నోట్లో వేసుకున్నాను.
ఇసక తగిలింది.
తీపి కూడా.